గుంజకు కట్టిన చీర

నారాయణఖేడ్
దీపావళి వెళ్ళిన వారం

చెల్లె భాగ్యా,

ఇకమీదట ఫోన్ చేయకు. కోపం చేసుకోకుండా పూర్తిగా చదువు. మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నీ కొడుకు నా కుట్టుమిషన్ కింద దూరి పొద్దుగూకే దాకా బయటికి రాలేదు. నీ గొంతు వినబడుతుంది, మధ్యలోనే తెగిపోతుంది, ఇక వాడి ఏడుపు చూడాలి. జాబు అయితే తెగిపోదు, ఎన్నిసార్లయినా చదివి వినిపించవచ్చు. మీ మేస్త్రీ అమృతప్ప ట్రాక్టర్ నడిపే సంగమేశ్ వారం వారం బియ్యం, జొన్నలు కొనడానికి ఖేడ్ వస్తాడు కదా, అతని చేతికిస్తాను. నువ్వూ అతనికే ఇవ్వు. హాస్టల్‌లో పది దాకా చదివినదానివి, అక్షరాలు మరిచిపోయానని నాటకాలాడకు.

శివరాజ్‌ను సెంటర్‌కు తీసుకుపోయాను. బడి వెనక గదిలో రోజ మేడం అని ఒకామె వచ్చి, కుదురు లేని పిల్లలకు కసరత్తులు నేర్పుతుంది. వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి స్టీలు ప్లేటు కింద పడేసింది. వాడు రెండు చేతులూ బార్లా విసిరి కొయ్యబారిపోయాడు. నేను మేడంను కొట్టబోయాను, నిజం చెప్తున్నా. తర్వాత తల పక్కకు తిప్పమంది. తల ఎటు తిరిగితే ఆ చెయ్యి తనంతట తానే చాచుకుంటుంది. అందుకే వాడి రాత గీత దాటిపోతుందట. వీపు కింద నడుము దగ్గర వేలితో గీస్తే మెలికలు తిరిగాడు. "లాగు బొందు తగిలినా గిట్లనే చేస్తడా?" అని అడిగింది. అవునన్నాను. బెంచీ మీద నిలవనిది దానివల్లేనట, పక్క తడపడం కూడా దానివల్లే కావచ్చట. మనం వాడి వీపు విమానం మోత మోగించాము కదే ఇన్నాళ్ళూ!

నాకు అర్థమైనంత రాస్తాను. పిల్లలు పుట్టేటప్పుడే కొన్ని కదలికలు ఒంట్లో పెట్టుకుని పుడతారు. చప్పుడైతే చేతులు విసరడం, అరచేతిలో వేలు పెడితే పట్టుకోవడం, ఇట్లాంటివి. బోర్లా పడి, పాకి, చేతులూ మోకాళ్ళ మీద ఊగి, అట్లా ఎదుగుతుంటే అవి అణగిపోవాలి. మన శివరాజ్‌కు పోలేదు. "పాకిండా చిన్నప్పుడు?" అని అడిగింది. "లేదు మేడం, చెరకు తోటల గుంజకు కట్టేస్తరు" అని చెప్పాను. దాచడానికేముంది, మీరంతా కట్టేదే కదా.

మందు రాయలేదు. కసరత్తులు చెప్పింది. "అందరు డాక్టర్లు దీన్ని ఒప్పుకోరు నర్మదా. కొందరికి మంచిగైతది, కొందరికి కాదు. చేస్తే నష్టమైతే లేదు" అంది. నష్టం లేనప్పుడు ఎందుకు మానాలి? మరిది ధర్మేందర్ చెరకు కోతకు బండి ఎక్కేటప్పుడు అన్న మాట నా చెవుల్లోనే ఉంది. ఉగాది దాకా వీడు బడిలో కుదిరితే సరే, లేకపోతే వచ్చే సీజన్‌కు తోటకే, మోపులు మోస్తడు అని. ఏడేళ్ళ పోరడు! నేనుండగా పోనిస్తానా?

చంటిది కాశవ్వ ఎట్లుంది? అమ్మ పేరు పెట్టుకుంది, అమ్మ లెక్కనే మొండిదైందా? దాని ఛాతీ, నడుము, పొడవు దారంతో కొలిచి ముడులేసి పంపు. ఫ్రాక్ కుడతాను.

మీ అక్క
నర్మద

*

భాల్కి దిక్కు, చెరకు తోట
కార్తీకం

అక్కా,

నీ జాబులో కూడా నీ కేకలు వినబడ్డాయి. నేను నవ్వుతుంటే పక్క గుడిసె చెన్నబసవ్వ "యారవ్వా అది, నిన్ను ఇంత నవ్విస్తుంది?" అని అడిగింది. మా అక్క, ఖేడ్ మొత్తానికి జాకెట్లు కుట్టేది, అందరినీ తిట్టేది అన్నాను. ఈ ముసలమ్మే మా పిల్లలందరినీ చూసేది. ఆమె లేకపోతే కత్తి పట్టడం కుదరదు.

శివరాజ్‌కు ఇంత కథ ఉందని నాకేం తెలుసు? దడుపు అనుకున్నాను. తాయెత్తు కట్టించాను, దర్గాకు పోయి దువా చేయించాను. వాడి లాగు బొందు నేనే కట్టాలి, నేనే విప్పాలి. ఏడేళ్ళొచ్చినా ముడి పడదు వాడి వేళ్ళకు. పొగరు అనుకుని నెత్తిన మొట్టాను. ఇప్పుడు నా చెయ్యే నాకు చేదుగా ఉంది. కసరత్తు చేయించు అక్కా. వాడు ముడి వేసుకోవడం నేర్చిన రోజు నాకు మొదట రాయి.

కాశవ్వ బంగారం. ఏడో నెల నడుస్తుంది, కూర్చుంటుంది, చెరకు ముక్క ఇస్తే చీకుతుంది. పొద్దున మేము తోటలోకి పోయేటప్పుడు నా పాత ఆకుపచ్చ చీరతో నడుముకు చుట్టి గుంజకు కట్టి పోతాను. సాయంత్రం వచ్చి విప్పుతాను. నన్ను చూసి ఎగురుతుంది చూడు, చీర చింపేస్తుందేమో అనిపిస్తుంది.

దారాలు పంపుతున్నా. తెల్లది ఛాతీ, ఎర్రది నడుము, నల్లది భుజం నుంచి మోకాలు. రంగు నీలం పెట్టు.

భాగ్య

*

నారాయణఖేడ్
కార్తీకం ఆఖరు

భాగ్యా,

ఫ్రాక్, లాగు పంపుతున్నాను. ఒంటికంటే కాస్త వదులే వదిలాను, పెరిగే పిల్ల. లాగుకు మోకాళ్ళ దగ్గర మందం గుడ్డ వేసి కుట్టాను. ఎందుకో తెలుసా? పాకడానికి. వింటున్నావా? పాకడానికి!

ఒక్కణ్ని కట్టేసి ఇంత తెచ్చుకున్నాం. మళ్ళీ అదే గుంజ, అదే చీరనా? నీకేమన్నా పిచ్చా? రోజ మేడంకు కాశవ్వ సంగతి చెప్పాను. పసిపిల్లను నేల మీద వదలాలి, బోర్లా పడనియ్యాలి, తన బలంతో తను జరగాలి అంది. రేపటి నుంచి విప్పెయ్యి.

ఇక్కడ నీ కొడుకు నా ప్రాణం తీస్తున్నాడు. మొదటిది నక్షత్రం. కుర్చీలో వెనక్కి వాలి చేతులు కాళ్ళు చాపి నక్షత్రం కావాలి, మళ్ళీ మెల్లగా ముడుచుకుని మొగ్గ కావాలి. అది ఇష్టమే. రెండోది బల్లి. బోర్లా పడుకుని తల ఎటు తిప్పితే ఆ పక్క చెయ్యి, కాలు మడవాలి. ఇది చేసేటప్పుడు పళ్ళు కొరుకుతాడు. మూడోది పిల్లి, చేతులూ మోకాళ్ళ మీద ఊగడం, తర్వాత పాకడం. దీనికి ససేమిరా అన్నాడు. గల్లీ పిల్లలు కిటికీలోంచి చూసి "గింత పెద్దగై పాకుతుండురో" అని నవ్వారు. వాళ్ళ వెంట గజం కట్టె పట్టుకుని ఉరికాను.

చివరికి ఒక ఉపాయం తట్టింది. "అరే, అక్కడ మీ చెల్లె కూడా గిదే నేర్చుకుంటుంది. ఎవరు ముందు నేర్చుకుంటరో చూద్దాం" అన్నాను.  "చెల్లె చిన్నది, నేనే గెలుస్తా" అని గోడ నుంచి గడప దాకా పాకాడు! నేను ఏడ్చాను భాగ్యా, సిగ్గు లేకుండా.

నన్ను అబద్ధాలకోరును చేయకు. పిల్లను విప్పు.

నర్మద

*

చెరకు తోట
మార్గశిరం

అక్కా,

ఫ్రాక్ బాగుంది. కట్టు సంగతి మాత్రం మాట్లాడకు.

నీకు చెరకు తోట తెలియదు. నువ్వు ఖేడ్‌లో సిమెంటు నేల మీద పిల్లాణ్ని పాకిస్తున్నావు. ఇక్కడ నేల అంటే కోసిన చెరకు మోళ్ళు, కత్తి మొనల్లా నిలబడి ఉంటాయి. ఆకు చెత్త కింద పాములుంటాయి. గుడిసెల ముందు నుంచే ట్రాక్టర్లు లోడుకు వచ్చిపోతుంటాయి. విప్పుతానంటే చెన్నబసవ్వ "బ్యాడవ్వా, వద్దు, కట్టు. అన్ని పిల్లల వెంట నేను ఉరకలేను" అంది. మేమంతా పిల్లల మీద ప్రేమ లేక కడుతున్నామా?

శివరాజ్ పాకాడన్నది మీ మరిది కూడా రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ రోజు తాగలేదు.

భాగ్య

*

నారాయణఖేడ్
మార్గశిరం

భాగ్యా,

నీ జాబు చదివి ఒళ్ళు మండింది. శివరాజ్‌ను చూసి కూడా బుద్ధి రాలేదా? వాడు బడిలో చప్పుడుకల్లా చేతులు విసురుతుంటే పిల్లలు కావాలని తలుపులు కొట్టి ఆడుకుంటున్నారు తెలుసా నీకు? రేపు కాశవ్వతోనూ అట్లా ఆడుకోవాలా? పాములు, మోళ్ళు, ట్రాక్టర్లు! సాకు కావాలంటే వెయ్యి దొరుకుతాయి. మోపులు అడ్డం పేర్చి, లోపల బొంత పరిచి దాన్ని వదలడానికి ఎంతసేపు పడుతుంది? వీడికి అడిగిన ప్రతిసారీ చెల్లె పాకుతుందనే చెప్తున్నాను. నువ్వు విప్పే దాకా నీతో మాట్లాడను.

నర్మద

*

చెరకు తోట
పుష్యం మొదలు

మాట్లాడవా? అయితే విను.

విప్పాను! మీ మరిదిని తిట్టి, బతిమాలి, గుడిసె పక్కన ఇంత జాగ చెక్కించాను. మోళ్ళు తవ్వించాను. చుట్టూ చెరకాకు మోపులు దడిలా పేర్పించాను. నీళ్ళు చల్లి, బొంత పరిచి, నీ నీలం ఫ్రాక్ వేసి, చీర విప్పి దాన్ని మధ్యలో వదిలాను. అది ముందు కదల్లేదు అక్కా. కట్టు ఉందనే అనుకుంది. నడుము తడుముకుని నన్ను చూసింది. 

రెండు రోజులు బోర్లా పడి ఏడ్చింది. తర్వాత వెనక్కి జరిగింది, ముందుకు రావాలని చూస్తే వెనక్కి పోతుంది, మేమంతా ఒకటే నవ్వు. ఇప్పుడు నువ్వు రాసిన పిల్లి లెక్క చేతులూ మోకాళ్ళ మీద లేచి ఊగుతుంది. నిన్న ఊగి ఊగి ముందుకు రెండడుగులు పాకింది! నా గొంతు వింటే చాలు, ఎటు వినబడితే అటు వస్తుంది. చెన్నబసవ్వ కూడా "నిమ్మక్క గెద్దళు" అంది. మీ అక్క గెలిచింది అని.

శివరాజ్‌కు చెప్పు, చెల్లె వస్తుంది, జాగ్రత్త అని. నువ్వు అరవకపోతే నేను విప్పేదాన్ని కాదు. తిట్టడం మానకు అక్కా.

భాగ్య

*

నారాయణఖేడ్
పుష్యం

నా బంగారు చెల్లెకు,

నీ జాబు వాడికి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "ముందుకు పాకింది" దగ్గర ఆపి మళ్ళీ చదవమంటాడు. చెల్లె వచ్చేసరికి తను ఓడిపోతానని భయం పట్టుకుంది. బడి నుంచి రాగానే చొక్కా విప్పి నేల మీదికి దిగుతున్నాడు. ఇప్పుడు నేను పిలవాల్సిన పని లేదు. ఒకసారి తన కోసం, ఒకసారి చెల్లెకు చూపించడానికట.

నిన్న కుక్కర్ ఈల వేసింది. వాడు ఉలిక్కిపడి నా వైపు చూశాడు, అంతే. చేతులు లేవలేదు. నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. వాడికే తెలియదు ఏం జరిగిందో. రోజ మేడంకు చెప్తే నవ్వి, "ఇగ వేళ్ళ పని మొదలు పెడదాం" అని జొన్నపిండి ముద్ద పిసికించమంది. తర్వాత దారంతో ముడులు.

మరిదికి చెప్పు, మోపులు మోయడానికి వేరే వాళ్ళను చూసుకొమ్మని.

కాశవ్వ ఎంత దూరం పాకుతుందో ఈసారి వివరంగా రాయి. వాడు అడుగుతున్నాడు. ఆ ఒక్క ఆశ మీదనే వాడు నేల మీదికి దిగుతున్నాడు.

నర్మద

*

చెరకు తోట
మాఘం

అక్కకు,

పోయిన వారాలు జాబు రాయలేకపోయాను. పని ఎక్కువుంది.

కాశవ్వ పాకుతున్నది. దడి ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకుతున్నది. శివరాజ్‌కు చెప్పు. కసరత్తు ఆపనియ్యకు. ఎన్ని పనులున్నా ఆపనియ్యకు.

భాగ్య

*

నారాయణఖేడ్
మాఘం

భాగ్యా,

ఇదేం జాబే? కరెంటు బిల్లు కూడా ఇంతకంటే పొడుగు ఉంటుంది. ఒంట్లో బాగుందా? సంగమేశ్ కూడా ఒక తీరుగా ఉన్నాడు. ఎప్పుడూ కూర్చుని చాయ్ తాగి పోయేవాడు, ఈసారి జాబు గడప మీద పెట్టి వెనక్కి చూడకుండా పోయాడు. పిలిస్తే వినలేదు. మేస్త్రీతో ఏమైనా లడాయి అయిందా మీకు?

సరే, నా కబురు చెప్తా. నీ కొడుకు బెంచీ మీద గంట సేపు కూర్చున్నాడు! బడి మాష్టారు ఇంటికొచ్చి చెప్పాడు. "ఏం చేసినవమ్మా, వేరే పిల్లగాడు లెక్క ఉన్నడు" అన్నాడు. పక్క తడపడం కూడా తగ్గింది. రాతలో అక్షరాలు గీత మీద నిలబడుతున్నాయి, తాగినవాడు నిలబడ్డట్టు, కానీ నిలబడుతున్నాయి.

కాశవ్వ లేచి నిలబడిందా? గుంజ పట్టుకుని లేస్తుందా? ఈ ఈడుకు లేవాలి అంటుంది రోజ మేడం. ఉగాదికి కొత్త ఫ్రాక్ కుడతాను, పాతది బిగుతై ఉంటుంది. మళ్ళీ దారాలు కొలిచి పంపు.

నర్మద

*

చెరకు తోట
మాఘం ఆఖరు

అక్కకు,

ఒంట్లో బాగానే ఉంది. లడాయి ఏమీ లేదు.

నిలబడలేదు ఇంకా. పాకుతున్నది. దారాలు పంపుతున్నా. కొత్త ఫ్రాక్ ఇప్పుడు వద్దు, వచ్చినంక చూద్దాం.

శివరాజ్ బెంచీ మీద కూర్చున్నది విని మీ మరిది అవతలికి పోయి చాలాసేపు రాలేదు. వాడు బడికే పోతాడు అన్నాడు. తోట మాట ఇక ఎత్తడు.

భాగ్య

*

నారాయణఖేడ్
ఫాల్గుణం

భాగ్యా,

ఈ జాబు శివరాజ్‌కు చదవలేదు. వాడు బడిలో ఉన్నప్పుడు రాస్తున్నాను.

నీ దారాలు వచ్చాయి. కొత్త ఫ్రాక్ చెప్పకుండా కుట్టి ఇద్దామని గుడ్డ కూడా తెచ్చాను. పాత కాగితం కటింగ్ తీసి, పిల్ల ఎంత పెరిగిందో చూద్దామని దాని మీద నీ దారం పరిచాను. తెల్ల దారం నా కటింగ్‌కు సరిగ్గా సరిపోయింది. నల్ల దారం కూడా. కుట్టులోకి పోయే గుడ్డ పోను ఎంత మిగలాలో అంతే, వెంట్రుకంత తేడా లేదు. నేను ఒంటికంటే వదులు వదిలి కుట్టిన ఫ్రాక్ అది. ఏ పిల్ల అయినా పెరిగి పెరిగి సరిగ్గా నా కటింగ్ దగ్గర ఆగుతుందా? ఇన్నేళ్ళుగా మిషన్ తొక్కుతున్నాను. ఇది ఒంటి కొలత కాదు, గుడ్డ కొలత.

నువ్వు పిల్లను కొలవలేదు. ఫ్రాక్‌ను కొలిచావు.

మళ్ళీ మళ్ళీ నీ జాబులన్నీ తీసి చదివాను. మాఘం నుంచి అది పాకుతూనే ఉంది. లేవదు, పడదు, ఏడవదు, ఒక కొత్త పని చేయదు. సంగమేశ్‌ను ఇవాళ సంత దగ్గర పట్టుకున్నాను. అడిగితే తల వంచుకుని "అక్కా, భాగ్యక్కనే అడుగు" అన్నాడు. 

కాశవ్వ ఎక్కడుంది భాగ్యా? దవాఖానలో ఉందా? ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఏదున్నా రాయి. నీ కాళ్ళు మొక్కుతా.

నర్మద

*

చెరకు తోట
ఫాల్గుణం

అక్కా,

కాశవ్వ లేదు.

పుష్యం ఆఖర్లో. పొద్దున. నేను రోడ్డు పక్కన లోడు దగ్గర మోపు ఎత్తుతూ మీ మరిదిని గట్టిగా పిలిచాను. నా గొంతు విన్నది. చెన్నబసవ్వ నీళ్ళకు పోయింది. మోపుల దడి సందులోంచి ఎట్లా దూరిందో దూరింది. సంగమేశ్ ట్రాలీని వెనక్కి తీస్తున్నాడు. వెనక చూస్తే చెరకే కనబడుతుంది, ఇంకేం కనబడుతుంది? నేను చూసేసరికి అది నా వైపే వస్తుంది అక్కా. బాగా నేర్చుకుంది. చెయ్యి, మోకాలు, చెయ్యి, మోకాలు, జల్దీ జల్దీ, నవ్వుకుంటూ. నేను అరిచాను. నా అరుపు విని ఇంకా తొందరగా వచ్చింది.

పొలం గట్టు మీద పూడ్చిపెట్టాం. పోలీసులంటే అందరి పని ఆగుతుంది, నోరు తెరవకండి అన్నాడు అమృతప్ప. మొగుడూ పెళ్ళాం జోడి లెక్కన పైసలిచ్చాను, జోడి విరిగితే ఊరుకోనన్నాడు. మళ్ళీ కత్తి పట్టాం. ఫ్రాక్ ఉతికి దాచుకున్నాను. లాగుకు నువ్వు మోకాళ్ళ దగ్గర కుట్టిన మందం గుడ్డ ఉంది కదా, అది అరిగి దారాలు లేచి ఉంది. అన్నాళ్ళకే అంత పాకింది.

సంగమేశ్ జేబులో ఆ రోజే నీ జాబు ఉంది. చెల్లె పాకుతుందన్న ఒక్క ఆశ మీదనే వాడు నేల మీదికి దిగుతున్నాడని రాసావు. నేను నిజం రాస్తే నువ్వు చదువుతావు, నీ ముఖం చూసి వాడికి తెలుస్తుంది, వాడు ఆపేస్తాడు. ఒక బిడ్డ పోయింది, రెండో బిడ్డను కూడా పోగొట్టుకోవాలా? అందుకే కాగితం మీద పాకించాను. రాసిన కాసేపు అది నిజంగానే పాకినట్టు ఉండేది. దారాలు అడిగినప్పుడు ఫ్రాక్ నేల మీద పరిచి కొలిచాను. నీకు తెలుస్తుందని అనుకోలేదు. తెలియాలనే అనుకున్నానేమో.

నా మీద కోపం ఉందా అని నువ్వు అడగకముందే చెప్తా. ఉంది. నీ జాబు ఒకటి పొయ్యిలో వేశాను, బుద్ధి రాలేదా అని రాసినది. చెన్నబసవ్వ కట్టమంది, నువ్వు విప్పమన్నావు, నేను నీ మాట విన్నాను. ముడి విప్పిన చేతులు మాత్రం నావి. ఎవరిని తిట్టాలో తెలియక అందరినీ తిట్టుకుంటున్నాను. శివరాజ్ కుక్కర్ ఈలకు చేతులు విసరలేదని చదివిన పూట మాత్రం ఎవరినీ తిట్టలేదు.

సీజన్ అయిపోవచ్చింది. నేను వచ్చే దాకా వాడికి చెప్పకు.

భాగ్య

*

నారాయణఖేడ్
ఉగాది ముందు

చెల్లె భాగ్యా,

నీ జాబు చదివాను. మిషన్ మీద ఎవరి పెళ్ళి జాకెట్టో సగం కుట్టి ఉంది, అట్లాగే ఉంది. నన్ను తిట్టు. ఆపకుండా తిట్టు. రోజ మేడం దగ్గరికి పోయి చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "జాగ మంచిగుంటేనే వదలాలె అని చెప్పిన గద నర్మదా" అంది. చెప్పింది. నేను నీకు ఆ మాట రాయలేదు. జాగ అంటే అందరికీ ఉండేదే అనుకున్నాను.

చెప్పకు అన్నావు. చెప్పలేదు. కానీ వాడు నేల మీదికి దిగి, "చెల్లె ఇప్పుడు ఎందాక పాకింది?" అని అడిగాడు. రోజూ అడిగే మాటే. రోజూ ఏదో ఒకటి అనేదాన్ని. ఈసారి ముఖం తిప్పుకున్నాను. వాడు పిల్లిలా చేతులూ మోకాళ్ళ మీద ఉండి తలెత్తి నన్ను చూశాడు. చూసి లేచి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను. ట్రాక్టర్ అని చెప్పాను.

వాడు ఉలిక్కిపడలేదు. చేతులు విసరలేదు. ఇన్నాళ్ళు నేను దేనికోసం కష్టపడ్డానో అదే జరిగింది, చూడలేకపోయాను. వాడే అడిగాడు.

"చెల్లెను ఎవరు విప్పిండ్రు?"

"నేనే" అన్నాను.

వాడు లేచాడు. వంటింట్లోకి పోయి నా పాత చీర తెచ్చుకున్నాడు. నడుముకు చుట్టుకున్నాడు. బొందు తగిలితేనే మెలికలు తిరిగిన పిల్లాడు, కదలకుండా చుట్టుకున్నాడు. రెండో కొస వరండా గుంజకు తిప్పి ముడి వేశాడు. ముడి తానే వేశాడు భాగ్యా. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక కొస మీంచి ఇంకో కొస తీసి, గట్టిగా లాగి. మొదట రాయమన్నావు కదా, అందుకే రాస్తున్నాను. మంచిగా పడింది ముడి.

బడికి పోనంటున్నాడు. గుంజ దగ్గరే తింటున్నాడు, అక్కడే నిద్రపోతున్నాడు. విప్పబోతే నా చెయ్యి పట్టుకుని పక్కకు పెడుతున్నాడు. ఏడవడు, అరవడు. "నువ్వు విప్పకు పెద్దమ్మా" అంటున్నాడు, అంతే.

జోడి విరిగితే విరగనీ, మేస్త్రీ ఏం చేస్తాడో చేయనీ. ఈ జాబు అందిన బండిలోనే బయలుదేరు. వచ్చి ఆ ముడి నువ్వు విప్పు. నన్ను విప్పనివ్వడు.

నర్మద